ధమని గోడ, ప్రొటీను తయారుచేయని ఆర్‌ఎన్‌ఏలు

గుండెకు రక్తం తెచ్చే ధమనులు పూడుకుపోతే గుండెపోటు వస్తుంది. మెదడుకు వెళ్లే ధమనులు పూడుకుపోతే పక్షవాతం. కాళ్ల ధమనులు పూడుకుపోతే కాస్త దూరం నడిచేసరికి పిక్కలు పట్టేస్తాయి. పేర్లు వేరైనా వీటి వెనుక ఉన్న జబ్బు చాలావరకు ఒకటే, అథెరోస్క్లెరోసిస్. నీళ్ల గొట్టంలో మడ్డి కట్టినట్టు ధమనిలో కొవ్వు పేరుకోవడమే ఈ జబ్బని సాధారణంగా అనుకుంటారు. అందులో నిజం కొంతే. కొవ్వు చేరేది రక్తం పారే దారిలో కాదు, ఆ దారి చుట్టూ ఉన్న గోడలో. గొట్టానికి ప్రాణం లేదు. ధమని గోడ నిండా ప్రాణమున్న కణాలే.

ఆ గోడలో మూడు రకాల కణాలు ఈ విషయానికి ముఖ్యం. రక్తాన్ని నేరుగా తాకుతూ ఉండే లోపలి పొర ఎండోథీలియం. దాని మందం ఒకే ఒక్క కణం. దాని వెనుక వలయాలుగా చుట్టుకుని ఉండేవి నునుపు కండర కణాలు. ధమని బిగుసుకోవడం, సడలడం వీటి వల్లే. మూడో రకం బయటినుంచి వచ్చేవి. చెడు కొలెస్టరాల్ అని పిలిచే ఎల్‌డీఎల్ రేణువులు లోపలి పొర దాటి గోడలో చిక్కుకుని ఆక్సీకరణం చెందినప్పుడు, రక్తంలోని మోనోసైట్లనే తెల్లకణాలు అక్కడికి చేరతాయి. గోడలోకి దిగి మాక్రోఫేజులుగా మారతాయి. ఆ కొవ్వును తిని తిని, బొట్లు బొట్లుగా నింపుకుని, నురుగు కణాలవుతాయి. ఈలోగా వెనుక ఉన్న కండర కణాలు తమ పని మానుకుని, విభజన చెందుతూ లోపలి వైపు పాకుతాయి. వాటిలో కొన్ని పీచు పదార్థం తయారుచేసి పూడిక మీద మూత కడతాయి. ఆ మూత గట్టిగా ఉన్నంతకాలం ఫరవాలేదు. అది చిట్లితే అక్కడ రక్తం గడ్డకడుతుంది, నిమిషాల్లో దారి మూసుకుపోతుంది.

అంటే ఇది కొవ్వు జబ్బు మాత్రమే కాదు, కణాలు తమ స్వభావం మార్చుకునే జబ్బు కూడా. శరీరంలోని కణాలన్నిటిలో ఉన్న డీఎన్‌ఏ దాదాపు ఒకటే. ఏ జన్యువులు పనిచేస్తున్నాయి, ఏవి మూతబడి ఉన్నాయి అన్నదాన్ని బట్టే ఒకటి కండర కణం అవుతుంది, మరొకటి మాక్రోఫేజు అవుతుంది. జన్యువులను అలా తెరవడంలో, మూయడంలో చేయి ఉన్న అణువుల్లో ఒక వర్గం పేరు లాంగ్ నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏ. పొడవుగా ఉండి, ఏ ప్రొటీను నమూనానూ మోయని ఆర్‌ఎన్‌ఏ అని దాని అర్థం.

ఆర్‌ఎన్‌ఏ అనగానే పాఠశాలలో చదువుకున్న పాఠం గుర్తుకొస్తుంది. డీఎన్‌ఏలోని సమాచారం ఆర్‌ఎన్‌ఏగా నకలవుతుంది, ఆ నకలు ప్రకారం ప్రొటీను తయారవుతుంది. ఆ పాఠం తప్పు కాదు, అసంపూర్ణం. మానవ జీనోములో సుమారు 300 కోట్ల అక్షరాలుంటే, ప్రొటీన్ల నమూనా రాసి ఉన్న భాగం 2 శాతం కూడా లేదు. ప్రొటీన్ల జన్యువులు 20 వేలకు అటూ ఇటూగా తేలాయి. మిగిలినదంతా వృథా అనే అభిప్రాయం చాలాకాలం నడిచింది. 2012లో ఎన్‌కోడ్ అనే అంతర్జాతీయ పరిశోధన బృందం, జీనోములో నాలుగింట మూడు వంతుల దాకా ఏదో ఒక కణంలో ఎప్పుడో ఒకప్పుడు ఆర్‌ఎన్‌ఏగా నకలవుతుందని ప్రకటించింది. నకలైన ప్రతి ముక్కకూ ఒక పని ఉందని దీనివల్ల రుజువు కాలేదు. ఈ తేడా పట్టించుకోని ఉత్సాహం ఈ రంగంలో ఇప్పటికీ తరచుగా కనిపిస్తుంది.

200 న్యూక్లియోటైడ్ల (ఆర్‌ఎన్‌ఏ అక్షరాల) కంటే పొడవుండి, ప్రొటీను తయారుచేయని ఆర్‌ఎన్‌ఏలను ఈ వర్గంలో చేర్చారు. ఈ 200 అనే హద్దు ప్రకృతి పెట్టింది కాదు. చిన్న ఆర్‌ఎన్‌ఏలను వేరుచేసే ప్రయోగశాల పద్ధతుల నుంచి పుట్టింది. 2023లో ఈ రంగంలోని ప్రముఖులు కొందరు దాన్ని 500కు పెంచాలని ప్రతిపాదించారు. హద్దు ఎక్కడ గీసినా మనిషిలో ఇలాంటి జన్యువుల లెక్క వేలల్లోనే ఉంటుంది. కొన్నిటి సంగతి పాతదే. హెచ్19 అనే ఆర్‌ఎన్‌ఏ ప్రొటీను తయారుచేయదని 1990లో తేలింది. ఆడవారి కణాల్లో రెండు ఎక్స్ క్రోమోజోముల్లో ఒకదాన్ని మూసివేసే ఎక్సిస్ట్ 1991లో బయటపడింది. మన దేశంలో బనారస్ హిందూ విశ్వవిద్యాలయానికి చెందిన సుభాష్ చంద్ర లఖోటియా డ్రోసోఫిలా ఈగలో ఇలాంటి ఒక జన్యువును, ఈ వర్గానికి పేరు స్థిరపడకముందు నుంచీ దశాబ్దాలపాటు అధ్యయనం చేశారు.

ఈ ఆర్‌ఎన్‌ఏలు పనిచేసే తీరు ఒకటి కాదు. కేంద్రకంలో ఉండేవి చాలావరకు జన్యువుల నియంత్రణలో పాల్గొంటాయి. ఫలానా ప్రొటీన్ల సముదాయాన్ని పట్టుకుని ఫలానా జన్యువు దగ్గరికి చేర్చి, దాన్ని మూయిస్తాయి లేదా తెరిపిస్తాయి. కణద్రవంలో ఉండేవి, ప్రొటీను నమూనాను మోసే దూత ఆర్‌ఎన్‌ఏల ఆయుష్షును పెంచడమో తగ్గించడమో చేస్తాయి. మైక్రో ఆర్‌ఎన్‌ఏలనే చిన్న ముక్కలను తమకు అంటించుకుని వాటి పని సాగకుండా చేసేవీ ఉన్నాయి. వీటికి మరో లక్షణం ఉంది. ప్రొటీను జన్యువులతో పోలిస్తే ఇవి తక్కువ మోతాదులో, కొన్ని రకాల కణాల్లోనే కనిపిస్తాయి. పరిశోధకులను ఆకర్షించింది ముఖ్యంగా ఇదే. ధమని కండరంలో మాత్రమే ఉండే అణువును సరిచేయగలిగితే మిగతా అవయవాల జోలికి పోనక్కరలేదు కదా అన్నది వారి ఆశ.

ధమనుల జబ్బుకూ ఈ ఆర్‌ఎన్‌ఏలకూ ఉన్న సంబంధానికి అన్నిటికంటే బలమైన ఆధారం ప్రయోగశాలలో పుట్టలేదు, వేలాది మనుషుల రక్త నమూనాల్లో దొరికింది. 2007లో కెనడాలోని ఒట్టావా నుంచి రూత్ మెక్‌ఫర్సన్ బృందం, ఐస్‌లాండ్‌లోని రేక్‌యావిక్ నుంచి డీకోడ్ జెనెటిక్స్ సంస్థ బృందం విడివిడిగా పనిచేసి, సైన్స్ పత్రికలో ఒకే ఫలితాన్ని ప్రకటించాయి. గుండె ధమనుల జబ్బు ఉన్నవారి జీనోమునూ లేనివారి జీనోమునూ చివరంటా పోల్చి చూస్తే, తేడా 9వ క్రోమోజోము మీద ఒకే చోట కొట్టొచ్చినట్టు కనిపించింది. ఆ చోటు పేరు 9పీ21. బ్రిటన్‌లో జరిగిన మరో పెద్ద అధ్యయనం కూడా అదే ఏడాది అక్కడికే చేరింది. వేర్వేరు దేశాల్లో వేర్వేరు మనుషుల మీద చేసిన పని ఒకే చోటును చూపించడం ఇలాంటి అధ్యయనాల్లో అంత తేలిగ్గా జరగదు.

ఐరోపా సంతతివారిలో 20 నుంచి 25 శాతం మందికి ఈ చోట తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా ముప్పు కలిగించే రూపమే సంక్రమించింది. అలాంటివారికి గుండె ధమనుల జబ్బు వచ్చే అవకాశం 30 నుంచి 40 శాతం ఎక్కువని ఒట్టావా బృందం లెక్కగట్టింది. చిన్న వయసులో గుండెపోటు వచ్చినవారిలో ఈ ప్రభావం ఇంకా ఎక్కువని ఐస్‌లాండ్ బృందం చూపింది. తర్వాతి అధ్యయనాల్లో దక్షిణాసియావారిలోనూ ఈ సంబంధం కనిపించింది. ఆఫ్రికా మూలాలున్నవారిలో మాత్రం తొలి అధ్యయనాలకు దొరకలేదు.

అసలు ఆశ్చర్యం ఇక్కడినుంచి మొదలవుతుంది. ఈ ముప్పు కొలెస్టరాల్ ద్వారా రావడం లేదు. రక్తపోటు ద్వారా కాదు, మధుమేహం ద్వారా కాదు. వాటన్నిటినీ లెక్కలోంచి తీసేసినా ముప్పు అలాగే ఉంది. పోనీ ఆ చోట ఏ ప్రొటీను జన్యువైనా చెడిందా అంటే, సుమారు 58 వేల అక్షరాల ఆ ముక్కలో ప్రొటీను జన్యువు ఒక్కటి కూడా లేదు. కాస్త దూరంలో సీడీకేఎన్2ఏ, సీడీకేఎన్2బీ అనే రెండు జన్యువులున్నాయి. కణ విభజనకు కళ్లెం వేసే ప్రొటీన్లను తయారుచేసే జన్యువులవి. క్యాన్సర్ పరిశోధకులకు బాగా తెలిసినవి. ముప్పు రూపం సరిగ్గా పడిన చోట ఉన్నది మాత్రం ఒక లాంగ్ నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏ జన్యువు. దాని పేరు ఆన్‌రిల్. చర్మపు క్యాన్సరూ నాడీ కణుతులూ వంశపారంపర్యంగా వస్తున్న ఒక ఫ్రెంచి కుటుంబాన్ని పరిశీలిస్తూ, గుండెతో ఏ సంబంధమూ లేకుండా, మరో బృందం అదే 2007లో దాన్ని కనిపెట్టింది.

ఆన్‌రిల్ ఏం చేస్తుందన్న ప్రశ్నకు జవాబు విడతలు విడతలుగా వచ్చింది. 2010, 2011 సంవత్సరాల్లో వెలువడిన రెండు అధ్యయనాలు, అది పాలీకోంబ్ అనే ప్రొటీన్ల సముదాయాలను పట్టుకుని పక్కనున్న విభజన నియంత్రణ జన్యువులను మూయించడానికి తోడ్పడుతుందని చూపించాయి. పొరుగు జన్యువులతోనే దాని పని ముగియదు. జర్మనీలో లెస్కా హోల్ట్, డానియెల్ టాయిప్సర్ బృందం 2013లో మరో సంగతి చెప్పింది. ఆన్‌రిల్‌లో ఆలు అనే ఒక వరస ఉంది. మానవ జీనోములో లక్షల చోట్ల పదేపదే కనిపించే వరస అది. దాని ఆధారంగా ఆన్‌రిల్ దూరంగా ఉన్న జన్యువుల మీద కూడా ప్రభావం చూపుతుంది. దాని మోతాదు పెరిగిన కణాలు ఎక్కువగా అతుక్కుంటాయి, ఎక్కువగా విభజన చెందుతాయి, చావవలసిన సమయంలో చావవు. పూడిక పెరగడానికి కావలసిన గుణాలే ఇవి.

అయినా ఒక చిక్కు మిగిలింది. ముప్పు రూపం ఉన్నవారిలో ఆన్‌రిల్ ఎక్కువని కొందరన్నారు, తక్కువని మరికొందరన్నారు. దీనికి కారణం ఆన్‌రిల్ ఒకే ఆకారంలో తయారుకాకపోవడం. ఒకే జన్యువు నుంచి పొడవాటివీ పొట్టివీ ఎన్నో రూపాలు వస్తాయి. కొన్నిటి రెండు కొసలూ కలిసిపోయి వలయం ఏర్పడుతుంది. 2016లో అదే జర్మన్ బృందం ఈ వలయాకారపు ఆన్‌రిల్ చేసే పని వేరని చూపించింది. అది పెస్1 అనే ప్రొటీనును పట్టుకుని, ప్రొటీన్ల తయారీకి కావలసిన రైబోసోముల నిర్మాణాన్ని మందగింపజేస్తుంది. దాంతో కణం ఒత్తిడికి లోనై విభజన ఆపుతుంది, లేదా చనిపోతుంది. మితిమీరి పెరిగే కణాలకు ఇలా అడ్డుపడటం ధమనికి మేలే. అంటే ఒక్క జన్యువులోంచే, తిన్నని రూపంలో ముప్పు తెచ్చేదీ వలయ రూపంలో కాపు కాసేదీ తయారవుతున్నాయి. ఆన్‌రిల్ మొత్తాన్ని కొలిచి ఊరుకున్న పరిశోధనలు ఒకదానితో ఒకటి పొసగకపోవడంలో వింత లేదు.

2018లో అమెరికాలోని స్క్రిప్స్ సంస్థ నుంచి సెల్ పత్రికలో వచ్చిన ప్రయోగం ఈ వరుసలో బహుశా అన్నిటికంటే తెలివైనది. మనుషుల నుంచి తీసుకున్న కణాలను మూలకణాలుగా మార్చి, వాటినుంచి ధమని కండర కణాలను పెంచారు. ముప్పు రూపం ఉన్న కణాలు సరిగ్గా ముడుచుకోలేదు, సరిగ్గా అతుక్కోలేదు. వేలాది జన్యువుల పనితీరు వాటిలో మారిపోయింది. తర్వాత 9పీ21 ముక్కను డీఎన్‌ఏలోంచి పూర్తిగా కత్తిరించేశారు. ముప్పు కణాలు మామూలు కణాల్లా నడుచుకోవడం మొదలుపెట్టాయి. ముప్పు లేని కణాల్లోంచి అదే ముక్కను తీసేస్తే చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. లోపం ఏదో లేకపోవడంలో కాదు, ఉండకూడని పని ఏదో జరగడంలో ఉందని దీనివల్ల అర్థమవుతుంది. ఆన్‌రిల్ పొట్టి రూపాలను మంచి కణాల్లో బలవంతంగా తయారుచేయించినప్పుడు వాటికీ ముప్పు లక్షణాలు వచ్చాయి. ముప్పుకు కారణం ఆ ఆర్‌ఎన్‌ఏ అని వేలెత్తి చూపడానికి ఇంతకంటే దగ్గరగా వచ్చిన ప్రయోగాలు తక్కువ.

ఆన్‌రిల్ తర్వాత ఎక్కువ పని జరిగింది కండర కణాల మీదే. నిజానికి ఈ చరిత్ర అక్కడే, చాలా ముందే మొదలైంది. పిండ దశలో విరివిగా ఉండే హెచ్19, పుట్టిన తర్వాత చాలా కణజాలాల్లో తయారుకావడం ఆగిపోతుంది. ఎలుకల మెడ ధమనికి బెలూనుతో గాయం చేస్తే అది కండర కణాల్లో మళ్లీ తయారవుతోందని 1994లోనే గమనించారు. మనిషి పూడికల్లోనూ అది కనిపించింది. పెద్దవారి కణం గాయపడి పిండ దశ నాటి జన్యువును తిరిగి తెరవడం ఏమిటన్నది అప్పట్లో ఎవరికీ అంతుపట్టలేదు. ఆ విషయం దాదాపు ఇరవై ఏళ్లు అలాగే ఉండిపోయింది. 2018లో పొత్తికడుపు మహాధమని ఉబ్బిపోయే అన్యూరిజం జబ్బులో ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో, హెచ్19ను అడ్డుకుంటే ఆ ఉబ్బు పెరగడం తగ్గింది. పూడిక, ఉబ్బు చూడటానికి వేరువేరు జబ్బులే గానీ రెండింటిలోనూ కండర కణాలు దారి తప్పుతాయి.

ఆరోగ్యంగా ఉన్న కండర కణాన్ని దాని పనిలో నిలబెట్టే ఆర్‌ఎన్‌ఏలూ ఉన్నాయి. 2014లో జోసెఫ్ మియానో బృందం వివరించిన సెంకర్‌ను తగ్గిస్తే కణాల్లో సంకోచానికి కావలసిన జన్యువులు నెమ్మదించి, కణాలు చలించడం మొదలుపెట్టాయి. 2021లో వెలువడిన పరిశోధనల్లో కార్మన్ అనేది ఇంకా స్పష్టంగా కనిపించింది. కండర స్వభావానికి ముఖ్య నిర్దేశకమైన మయోకార్డిన్ ప్రొటీనును అది నేరుగా పట్టుకుని బలపరుస్తుంది. మనిషి పూడికల్లో దాని మోతాదు పడిపోయి ఉంటుంది.

దీనికి సరిగ్గా వ్యతిరేకంగా పనిచేసేది స్మైలర్. ఎడిన్‌బరోలో ఆండ్రూ బేకర్ బృందం 2016లో దీన్ని కనిపెట్టింది. బైపాస్ ఆపరేషన్ కోసం కాలి నుంచి తీసే సిర కణాలకు, వాపును రేపే ఇంటర్‌ల్యూకిన్ 1నూ పెరుగుదలను రెచ్చగొట్టే పీడీజీఎఫ్‌నూ కలిపి ఇస్తే స్మైలర్ అమాంతం పెరిగింది, కణాలు విభజన చెందసాగాయి. స్మైలర్‌ను అణచినప్పుడు విభజన తగ్గింది. చిట్లే స్థితిలో ఉన్న మెడ ధమని పూడికల్లో దాని మోతాదు ఎక్కువగా ఉంది. 2019లో అదే బృందం, కణ విభజనకు అవసరమైన ఒక ప్రొటీను దూత ఆర్‌ఎన్‌ఏతో స్మైలర్ జతకడుతుందని చూపించింది.

మాక్రోఫేజుల సంగతికి వస్తే, అక్కడ ప్రశ్న కొలెస్టరాల్‌ను బయటికి పంపడం గురించి. తిన్న కొవ్వును తిరిగి బయటికి తోసే ద్వారం ఏబీసీఏ1 అనే ప్రొటీను. ఆ ద్వారం దగ్గర మంచి కొలెస్టరాల్ రేణువులు ఆ కొవ్వును అందుకుని కాలేయానికి చేరవేస్తాయి. ద్వారం సరిగ్గా పనిచేస్తే నురుగు కణం తేలికపడుతుంది. 2018లో లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో తమెర్ సల్లం, పీటర్ టొంటొనోజ్ బృందం మెక్సిస్ అనే ఆర్‌ఎన్‌ఏను కనిపెట్టింది. కణంలో కొలెస్టరాల్ నిండినప్పుడు మెక్సిస్ పెరిగి, ఏబీసీఏ1 జన్యువును మరింతగా తెరిపిస్తుంది. మూలుగ కణాల్లో మెక్సిస్ లేకుండా చేసిన ఎలుకల్లో పూడిక పెరిగింది. ఆ మరుసటి ఏడాది న్యూయార్క్‌లో క్యాథరిన్ మూర్ బృందం క్రోమ్ అనే మరొకదాన్ని వివరించింది. అదే ద్వారాన్ని అణచే కొన్ని మైక్రో ఆర్‌ఎన్‌ఏలను ఇది తనకు అంటించుకుని వాటి పని ఆపుతుంది. క్రోమ్ మనిషిలోనూ కోతుల్లాంటి జీవుల్లోనూ తప్ప ఎలుకలో లేదు.

లోపలి పొరకు వేరే బాధ ఉంది. రక్త ప్రవాహపు రాపిడిని అది నిరంతరం భరించాలి. ధమని తిన్నగా ఉన్నచోట ప్రవాహం నిలకడగా ఉంటుంది, పూడిక అరుదు. ధమని చీలేచోట, వంపు తిరిగేచోట ప్రవాహం అటూ ఇటూ ఊగిసలాడుతుంది, పూడికలు అక్కడే మొదలవుతాయి. 2018లో వివరించిన లీన్ అనే ఆర్‌ఎన్‌ఏ ఈ తేడాను అనుసరించి నడుస్తుంది. మంచి ప్రవాహం ఉన్నచోట అది పెరిగి, ధమనిని సడలించే నైట్రిక్ ఆక్సైడ్‌ను తయారుచేసే ఎంజైము జన్యువుకు తోడవుతుంది. 2020లో బోస్టన్‌లోని మార్క్ ఫైన్‌బర్గ్ బృందం ఎస్‌ఎన్‌హెచ్‌జీ12 గురించి చెప్పింది. లోపలి పొర కణాల్లో దెబ్బతిన్న డీఎన్‌ఏను బాగుచేసుకోవడానికి అది సాయపడుతుంది. పూడిక ముదిరేకొద్దీ తగ్గిపోతుంది. ఎలుకల్లో దాన్ని ఇంకా తగ్గిస్తే పూడిక రెండింతలకు మించి పెరిగింది. రక్తంలోని కొలెస్టరాల్ మాత్రం మారలేదు.

ఇన్ని పేర్లు విన్నాక ఒక అనుమానం రావడం సహజం, రావాలి కూడా. ప్రతి ఏటా కొత్త పేర్లు పుట్టుకొస్తున్నాయి. రుజువులు అదే వేగంతో రావడం లేదు. మాలట్1 ఇందుకు మంచి ఉదాహరణ. 2003లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో దొరికిన ఈ ఆర్‌ఎన్‌ఏ కణాల్లో చాలా విస్తారంగా ఉంటుంది, పరిణామంలో పెద్దగా మారకుండా నిలిచింది. అంత ముఖ్యమైనది లేకపోతే ప్రాణి బతకదని అనుకున్నారు. 2012లో మూడు బృందాలు వేరువేరుగా మాలట్1 లేని ఎలుకలను పుట్టించాయి. అవి చక్కగా పెరిగాయి, పిల్లల్ని కన్నాయి. అలాగని పనికిరానిదని కొట్టిపారేయడానికీ వీలులేకపోయింది. ధమనుల జబ్బుకు లోనయ్యే ఎలుకల్లో రక్తకణాలకు మాలట్1 లేకుండా చేస్తే పూడిక, వాపు ఎక్కువయ్యాయని 2019లో తేలింది. మనుషుల పూడికల్లో కూడా దాని మోతాదు తగ్గి ఉంది. మామూలు రోజుల్లో కనిపించని లోటు జబ్బు వచ్చినప్పుడు బయటపడిందన్నమాట.

ఇంతకంటే లోతైన ఇబ్బంది ఎలుకదే. ప్రొటీను జన్యువుల్లో చాలావాటికి మనిషికీ ఎలుకకూ పోలిక ఉంది. లాంగ్ నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏలకు ఆ పోలిక చాలాసార్లు లేదు. ఆన్‌రిల్‌కు ఎలుకలో సరైన జోడీ లేదు, క్రోమ్‌కు అసలే లేదు. హృద్రోగ పరిశోధన ఎక్కువగా ఆధారపడే జంతువు ఇక్కడ సగం దారిలోనే ఆగిపోతుంది. అందుకే మనుషుల నుంచి తీసిన పూడికలు, మూలకణాల నుంచి పెంచిన కణాలు ఈ రంగంలో ఇంత ప్రాధాన్యం సంపాదించాయి. ఇక ప్రొటీను తయారుచేయదు అన్న మాటకే కొన్నిచోట్ల మినహాయింపులున్నాయి. ఎల్‌ఐఎన్‌సీ00961 అనే జన్యువు ఈ వర్గంలోనే ఉండేది. దానినుంచి చిన్న ప్రొటీను ముక్క ఒకటి తయారవుతోందని 2017లో బయటపడింది. ఆ ముక్కా ఆర్‌ఎన్‌ఏ కూడా లోపలి పొర కణాల మీద వేర్వేరుగా పనిచేస్తాయని తర్వాత చూపించారు. మైక్రో ఆర్‌ఎన్‌ఏలను అంటించుకుని ఆపుతాయనే వాదనలోనూ లెక్క సరిపోని సందర్భాలున్నాయి. కణానికి కొద్ది ప్రతులు మాత్రమే ఉన్న ఆర్‌ఎన్‌ఏ, వేల ప్రతులున్న మైక్రో ఆర్‌ఎన్‌ఏను ఎంతవరకు పట్టి ఉంచగలదు?

ఈ జ్ఞానంతో రోగికి ఒరిగేదేమిటన్నది తర్వాతి ప్రశ్న. రక్తంలో ఈ ఆర్‌ఎన్‌ఏలను కొలిచి జబ్బును ముందే పసిగట్టాలన్న ప్రయత్నాలు చాలా జరిగాయి. రక్తంలో వాటి మోతాదు అతి తక్కువ, పైగా అవి తునకలైపోతాయి. ఆస్పత్రిలో రోజూ వాడే పరీక్షగా ఏదీ నిలబడలేదు. 9పీ21 రూపాన్ని పరీక్షించడం సాంకేతికంగా సులభమే. అయితే వయసు, రక్తపోటు, కొలెస్టరాల్, పొగతాగే అలవాటు లెక్కలోకి తీసుకున్న తర్వాత ఆ పరీక్ష ముప్పు అంచనాకు కొత్తగా చేర్చేది చాలా కొద్ది. దీనికంటే ఆసక్తికరమైనది 2011 నాటి ఒక ఫలితం. గుండెపోటు మీద జరిగిన, దక్షిణాసియావారు కూడా ఉన్న ఇంటర్‌హార్ట్ అధ్యయనపు సమాచారంలో, పచ్చి కూరగాయలూ పండ్లూ ఎక్కువగా తినేవారిలో 9పీ21 ముప్పు బలహీనపడినట్టు కనిపించింది. జన్యువు నుదుటి రాత కాదని చెప్పడానికి ఈ ఒక్క అధ్యయనం చాలదు గానీ, పరిశీలించదగిన సంగతి.

చికిత్స విషయంలో ఆశకు ఆధారం పక్కనే ఉంది. కాలేయంలో పీసీఎస్‌కే9 అనే ప్రొటీను దూత ఆర్‌ఎన్‌ఏను నాశనం చేసి చెడు కొలెస్టరాల్‌ను తగ్గించే ఇన్‌క్లిసిరాన్ ఇంజెక్షనుకు 2020 డిసెంబరులో ఐరోపాలో, 2021 డిసెంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది. మొదటి రెండు మోతాదుల తర్వాత ఏడాదికి రెండుసార్లు ఇస్తే చాలు. ఆర్‌ఎన్‌ఏను గురిపెట్టి మందు చేయవచ్చని ఇది నిరూపించింది. అయితే ఇన్‌క్లిసిరాన్‌కు ఒక చక్కెర అణువుల గుత్తిని తగిలించారు. కాలేయ కణాల మీద దాన్ని పట్టుకునే గ్రాహకం ఉంది కాబట్టి మందు నేరుగా అక్కడికే చేరుతుంది. ధమని గోడకు అలాంటి చిరునామా ఇంకా దొరకలేదు. రక్తంలోకి ఎక్కించిన మందు ఎక్కువ భాగం కాలేయానికో మూత్రపిండాలకో పోతుంది. లాంగ్ నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏను గురిపెట్టి ధమనుల జబ్బుకు అనుమతి పొందిన మందు ఇప్పటికి ఒక్కటీ లేదు.

చిరునామా అవసరం లేని సందర్భం ఒకటుంది, బైపాస్ ఆపరేషన్. కాలి నుంచి తీసిన సిరను గుండెకు కుట్టేముందు అది కొంతసేపు శరీరం బయట, ద్రావణంలో ఉంటుంది. ఆ వ్యవధిలో మందు నేరుగా దానికి పట్టించవచ్చు. స్మైలర్ పరిశోధకులు ఆ సిరల కణాలనే ఎంచుకోవడం వెనుక ఉన్న ఆలోచన ఇదే. మనిషి సిర ముక్కల మీద ప్రయోగశాలలో స్మైలర్‌ను అణచే చిన్న ఆర్‌ఎన్‌ఏ వాడితే కణ విభజన తగ్గింది. ఈ దారి పూర్తిగా కొత్తదేమీ కాదు. ఇంతకుముందు ఎడిఫోలిగైడ్ అనే డీఎన్‌ఏ ముక్కతో సిరను ఇలాగే తడిపి, కణ విభజనను మొత్తంగా ఆపాలని చూశారు. 3,014 మంది బైపాస్ రోగులతో జరిగిన ఆ పరీక్ష ఫలితాలు 2005లో వెలువడ్డాయి. సిరలు పూడుకుపోవడం ఏమాత్రం తగ్గలేదు. ఆ మందు ఎన్నో కణాల్లో ఉండే సాధారణ విభజన యంత్రాంగాన్ని గురిపెట్టింది. స్మైలర్ వాదన వేరు. ఆరోగ్యంగా ఉన్న కణంలో దాదాపు కనిపించకుండా, వాపు, పెరుగుదల సంకేతాలు కలిసినప్పుడు మాత్రమే పెరిగే అణువును గురిపెడితే ఫలితం మరోలా ఉండవచ్చునన్నది ఆ వాదన. దాన్ని తేల్చగలిగే రోగుల పరీక్ష ఇంకా జరగవలసి ఉంది.